పైకి చదివిన ఉత్తరం

జూన్ 11, మంగళవారం

చెల్లాయికి,

నువ్వు క్షేమమని తలుస్తాను. నేను మాత్రం ఒళ్ళు మండి ఉన్నాను.

ఫోను చేయకుండా ఉత్తరం ఎందుకంటే, ఈమధ్య ఫోనులో మాట్లాడింది నిలవడం లేదు. పెట్టేసిన గంటకల్లా సగం పోతుంది. కాగితం మీదైతే మళ్ళీ చూసుకోవచ్చు. పైగా ఫోనులో నిన్ను తిట్టబోతే నువ్వు మధ్యలో అడ్డం పడతావు.

నీ మేనల్లుడు, అదే నా సుపుత్రుడు, పొద్దున్నే వచ్చి "నాన్నా, లైబ్రరీలో పెద్దవాళ్ళ మీటింగు ఉందట, నిన్ను రమ్మన్నారు" అన్నాడు. ముప్ఫై ఆరేళ్ళు లైన్‌మన్‌గా చేసినవాణ్ణి, వీధి దీపాల గురించి సలహా అడుగుతారేమోనని ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరాను.

పేపర్లు చదివే గది వెనకాల ఒక హాలుంది. అందులో గుండ్రంగా తొమ్మిది కుర్చీలు. గోడకి బోర్డు, దాని మీద తారీఖు, వారం, "బయట మబ్బు పట్టింది" అని రాసి ఉన్నాయి. పాతికేళ్ళ పిల్ల ఒకతి నవ్వుతూ నిలబడి, బోర్డు మీద ఉన్నదాన్నే మమ్మల్ని అడిగింది. తర్వాత ఎర్ర బంతి తీసింది. బంతి ఎవరి చేతికొస్తే వాళ్ళు తమకిష్టమైన పండు పేరు చెప్పాలట. నాకు డెబ్భై మూడేళ్ళు. నా పక్కన ఒక దర్జీ ఉన్నాడు, పాపం బంతిని రెండుసార్లు జారవిడిచాడు. జారవిడిచినందుకు కూడా చప్పట్లు కొట్టారు.

నేను పండు పేరు చెప్పలేదు. "అమ్మా, ఇది బడా, ఆస్పత్రా?" అని అడిగాను. "రెండూ కాదు సార్, మనం కలిసి కాసేపు కూర్చుంటాం, అంతే" అంది.

ప్రతి మంగళవారం, శుక్రవారం పదిన్నరకి వెళ్ళాలట. ఇది ఎవరి బుర్రలో పుట్టిందో చెప్పు. నీ మేనల్లుడికి అంత తెలివి లేదని నీకూ తెలుసు, నాకూ తెలుసు.

కోపంగా ఉన్నా
నీ అన్నయ్య


జూన్ 19

అన్నయ్యకు,

కవరు మీద స్టాంపు తలకిందులుగా అంటించావు. నీ కోపం అక్కడే తెలిసిపోయింది, లోపల చదవక్కర్లేకపోయింది.

ఎవరి బుర్రలో పుట్టిందో నాకేం తెలుసు. మీరక్కడ, నేనిక్కడ. మా అపార్ట్‌మెంటు లిఫ్టు పాడై నెల దాటింది. మూడో అంతస్తు నుంచి దిగితే ఎక్కలేను, ఎక్కితే దిగలేను. నీ విషయాలు చూడ్డానికి నాకెక్కడ కుదురుతుంది?

అయినా అడుగుతున్నాను. పోయిన నెల ఖాళీ గిన్నె స్టవ్ మీద పెట్టి పడుకున్నది ఎవరు? బస్సెక్కి పాత ఆఫీసు దగ్గర దిగి, తాళం వేసిన గేటు ముందు గంటసేపు నిలబడ్డది ఎవరు? మీ కోడలు వెతుక్కుంటూ వస్తే "డ్యూటీ అయిపోయింది, పద" అన్నావట. వయసొస్తే ఎవరికైనా మరుపు వస్తుంది. మొన్న నేను కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా గాలించాను. నీదీ అంతే, అంతకు మించి ఏమీ లేదు. నలుగురిలో కూర్చుని నాలుగు మాటలాడితే బుర్ర తుప్పు పట్టకుండా ఉంటుంది. నాలుగు వారాలు నోరు మూసుకుని వెళ్ళు, అప్పుడు తిట్టు.

బంతి పట్టుకోవడం నామోషీగా ఉంటే చెప్పు. చిన్నప్పుడు నా బంతి లాక్కుని మేడ మీదకి విసిరినవాడివే కదా.

తిట్లకి అలవాటు పడిన
చెల్లాయి


జూలై 5, శుక్రవారం

చెల్లాయికి,

నాలుగు వారాలు వెళ్ళమన్నావు, వెళ్ళాను. నోరు మూసుకోమన్నావు, అది నావల్ల కాలేదు.

అక్కడ కోర్టులో గుమాస్తాగా చేసి రిటైరైన ఒకాయన ఉన్నాడు. ఎవరేమన్నా "దానికి రుజువేమిటి?" అంటాడు. మాకొక పేరు పెట్టుకోమంది ఆ పిల్ల. ఒకరు "వెలుగు" అన్నారు, ఇంకొకరు "ఆనందం" అన్నారు. అవేమైనా అగరుబత్తి కంపెనీ పేర్లా అని అడిగాను. ఆయనకీ నాకూ అరగంట వాదన నడిచింది. చివరికి ఒక రిటైరైన నర్సమ్మ, "పదిన్నరకి ఎక్కుతాం, పన్నెండుకి దిగుతాం, పదిన్నర బండి అని పెట్టండి" అంది. అదే ఖాయం చేశారు. ఇప్పుడు బోర్డు మీద తారీఖు పక్కన అదే రాస్తారు.

మొన్న మంగళవారం రికార్డు చేసిన చప్పుళ్ళు వినిపించి, అవేమిటో చెప్పమన్నారు. వాన, రైలు, కుళాయి అయ్యాక కుట్టుమిషను వచ్చింది. మూడు వారాలుగా నోరు విప్పని దర్జీ తల పైకెత్తి, "సూది మొద్దుబారింది, మార్చాలి" అన్నాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆ పిల్ల "ఎలా తెలిసింది?" అని అడిగితే ఆయన పది నిమిషాలు చెప్పాడు. ట్రాన్స్‌ఫార్మర్ మోత నేనే గుర్తుపట్టాను. లోడు ఎక్కువైందని కూడా చెప్పాను.

అయినా నా కోపం పోలేదు. అది ఆ గది మీద కాదు, ఇంటి మీద. అక్కడ "ఏది ఒప్పు ఏది తప్పు అని కాదు సార్, మీకేమనిపిస్తోంది?" అని అడుగుతుంది ఆ పిల్ల. ఇంట్లో నేను ఎదురుగా కూర్చుని ఉండగానే "నాన్న అన్నం తిన్నారా?" అని కోడల్ని అడుగుతాడు నీ మేనల్లుడు. నన్నడిగితే నేను చెప్పనా? నేనేమైనా ఆ ఇంట్లో ఫ్రిజ్జునా, తలుపు తీసి చూసుకోవడానికి?

వచ్చే మంగళవారం తలా ఒక పాత ఉత్తరం తెచ్చి పైకి చదవాలట. నీవి సొరుగు నిండా ఉన్నాయి. నీ లిఫ్టు కష్టాలు చదివి వాళ్ళని నవ్విస్తాను.

నీ అన్నయ్య


జూలై 9, మంగళవారం

టెలిఫోన్ ఎక్స్ఛేంజీ ఆపరేటరు గారికి,

చెల్లాయి అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

నావీ, వాడివీ ఉత్తరాలు కలిపి పడేసే సొరుగులో పైనే ఒక కవరుంది. నీ దస్తూరీ. నీకు అక్షరాలు దిద్దించింది నేను కదా, ఆ రాత కనిపిస్తే నాకు రాసిందే అనుకున్నాను. కవరు మీద ఎవరి పేరుందో చూడలేదు. జేబులో పెట్టుకుని వెళ్ళాను.

నా వంతు వచ్చింది. లేచి నిలబడి చదివాను. మొదట నీ మోకాళ్ళ సంగతి, పైవాటా ఆయన గురక సంగతి. అందరూ నవ్వారు. నాకూ ఊపొచ్చి గొంతు పెంచాను. ఆ తర్వాత ఇది వచ్చింది. చూసి రాస్తున్నాను, ఒక్క అక్షరం మార్చలేదు.

"డాక్టరు చెప్పిన మాట మీ నాన్న చెవిన పడనివ్వకు. డిమెన్షియా మొదటి దశ అని రాసిచ్చారంటున్నావు కదా, ఆ కాగితం దాచెయ్. మీ నాన్న పోలెక్కడంలో మొనగాడే గానీ లోపల పిరికివాడు. తెలిస్తే మంచం పట్టేస్తాడు. అడిగితే వయసు మరుపు అని చెప్పు, నేనూ అదే చెప్తాను. జబ్బు మొదట్లో ఉన్నవాళ్ళని కూర్చోబెట్టి మాట్లాడించే చోట్లు ఉంటాయట. వెతికి, ఏదో వంక చెప్పి చేర్పించు."

పైకి చదివేవాడికి తర్వాతి వాక్యంలో ఏముందో ముందే తెలియదు. నా జబ్బు నాకు నా గొంతుతోనే తెలిసింది, ఎనిమిది మంది వింటుండగా.

ఆ పిల్ల లేచి "ఆపేద్దామా సార్?" అంది. కోర్టు గుమాస్తా "ఆయన్ని పూర్తి చేయనివ్వమ్మా. సగం చదివిన కాగితం మనిషిని నిద్రపోనివ్వదు" అన్నాడు. చివరిదాకా చదివాను. "ఇట్లు మీ అత్త" అన్నది కూడా చదివాను. తారీఖు చదివాను. పోయిన ఏడాది మే నెల.

పధ్నాలుగు నెలలు. ఈ మధ్యలో నువ్వు రెండుసార్లు మా ఇంటికొచ్చావు. నా ఎదురుగా కూర్చుని టీ తాగావు. "అంతకు మించి ఏమీ లేదు" అని పోయిన నెల కాగితం మీద కూడా రాశావు. ముప్ఫై ఏళ్ళు ఎక్స్ఛేంజీలో ఊరందరి మాటలూ వింటూ పెదవి విప్పకుండా ఉండడం నేర్చుకున్నావు. ఆ విద్యని నా మీద ప్రయోగించావు.

నేను పిరికివాణ్ణని నీకెవరు చెప్పారు?

సంతకం పెట్టను. రాసిందెవరో దస్తూరీయే చెప్తుంది.


జూలై 15

అన్నయ్యకు,

దాచడం నా తప్పు. నన్ను క్షమించు. ఈ మాట మొదటే రాసేస్తున్నాను, ఎందుకంటే మిగతా ఉత్తరమంతా నీతో పోట్లాటే.

పిరికివాడివని ఎవరు చెప్పారని అడిగావు. నువ్వే చెప్పావు, నోటితో కాదు. నీతోపాటు పనిచేసే హెల్పరు పోలు మీదే కరెంటు కొట్టి పోయినప్పుడు, నలభై రోజులు నువ్వు గోడకేసి తిరిగి పడుకున్నావు. అన్నం కలిపి నోట్లో పెట్టింది నేను. అప్పుడు నాకు పెళ్ళి కూడా కాలేదు. ఆ నలభై రోజులు చూసినదాన్ని, మళ్ళీ అలా చూడలేకపోయాను. నీ కొడుకు ఆస్పత్రి మెట్ల మీద నిలబడి నాకు ఫోను చేసి ఏడ్చాడు. "అత్తా, నాన్నకి ఎలా చెప్పను?" అన్నాడు. వద్దన్నాను. ఆ క్షణంలో ఇంకేం తోచలేదు. తర్వాత చెబుదామంటే ప్రతి రోజూ నిన్నటికంటే కష్టమైపోయింది. నేను తాగానని నువ్వంటున్న ఆ టీలో నాకు రుచేమైనా తెలిసిందనుకున్నావా?

ఇంకోటి. నా ఉత్తరం నలుగురిలో చదవడమేమిటి? నా మోకాళ్ళ సంగతి మీ కోర్టు గుమాస్తాకి ఎందుకు? మనసు కుదుటపడాలని పంపిస్తే, మనిషిని పదిమంది మధ్యలో నిలబెట్టి కూలదోశారు. అలాంటి చోటికి నువ్వు ఇంక వెళ్ళొద్దు. పంపించవద్దని మేనల్లుడికి గట్టిగా చెప్పాను. ఆ పిల్లకి కూడా ఫోను చేసి నాలుగు దులిపాను. ఇంట్లోనే హాయిగా ఉండు.

చెల్లాయి


జూలై 23, మంగళవారం

చెల్లాయికి,

నువ్వు మారవు. నాకు చెప్పకుండా చేర్పించావు, నన్నడగకుండా మానిపించావు. క్షమించమన్న కాగితం మీదే ఇంకో తప్పు రాసి పంపించావు.

నీ మాట విని వాడు శుక్రవారం నన్ను తీసుకెళ్ళలేదు. "అత్త వద్దంది నాన్నా" అన్నాడు. ఇవాళ వాడు ఆఫీసుకి వెళ్ళగానే నేనే బస్సెక్కాను. ఒక స్టాపు దాటిపోయి దిగాను. టైర్ల షాపువాణ్ణి దారి అడిగి వెనక్కి నడిచాను. పదకొండుకి హాల్లో అడుగుపెడితే కోర్టు గుమాస్తా తల కూడా ఎత్తకుండా "బండి అరగంట లేటు" అన్నాడు. నా కుర్చీ ఖాళీగానే ఉంచారు.

నన్ను కూలదోశారని రాశావు. ఆ రోజు ఏం జరిగిందో నీకు సగమే రాశాను, తప్పు నాదే. ఉత్తరం అయ్యాక నేను నిలబడే ఉన్నాను. దర్జీ వచ్చి నా భుజం మీద చెయ్యేసి "నాకూ అదే" అన్నాడు. నర్సమ్మ నన్ను కూర్చోబెట్టి, "ఇది నెమ్మదిగా పెరుగుతుంది. పూర్తిగా నయం కాదు. కానీ ఇవాళ మీరు చేయగలిగినవి చాలా ఉన్నాయి, అవి చేస్తూ ఉండాలి" అంది. మూడు వాక్యాలు. డాక్టరూ, నా కొడుకూ, నా చెల్లెలూ కలిసి పధ్నాలుగు నెలల్లో చెప్పలేనివి. ఆ గదిలో అందరికీ అదే జబ్బు. అక్కడ దాచేవాడు లేడు. నాతో నిజం చెప్పిన ఒక్క చోటు అది. నువ్వు మూసింది దాని తలుపే.

ఇక ఆ నలభై రోజులు. భయంతో పడుకున్నాననుకున్నావు. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా అడిగి ఉంటే చెప్పేవాణ్ణి. ఆ రోజు మేము ఎక్కబోయే ముందు సబ్‌స్టేషనుకి ఫోను చేసి లైను ఆపారా అని అడిగాను. ఆపేశామన్నాడు అక్కడివాడు. ఆపలేదు. ఆపలేదని వాడికి తెలుసు. నేను "ఎక్కు" అంటే ఆ పిల్లవాడు ఎక్కాడు. నలభై రోజులు నేను పళ్ళు కొరుక్కుంటూ పడుకున్నాను చెల్లాయ్. కరెంటుకి నేనెప్పుడూ భయపడలేదు. లైన్లో కరెంటుందని తెలిసీ లేదని చెప్పేవాడంటే మాత్రం ఇప్పటికీ నా రక్తం ఉడుకుతుంది. ఇప్పుడు ఆ వరసలో నువ్వు నిలబడ్డావు.

నిన్న డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆయన నీ మేనల్లుడి వైపు తిరిగి మాట్లాడుతున్నాడు. "డాక్టరుగారూ, జబ్బు వాడిది కాదు, నాది. ఇటు తిరగండి" అన్నాను. తిరిగాడు.

ఆ పిల్లకి ఫోను చేసి క్షమాపణ చెప్పు. అది అయ్యాక నా సంగతి చూద్దాం.

అన్నయ్య


ఆగస్టు 13, మంగళవారం

టెలిఫోన్ ఎక్స్ఛేంజీ ఆపరేటరు గారికి,

చెల్లాయి అని పిలవబుద్ధి కావడం లేదు.

కళ్ళజోడు కోసం సొరుగు వెతుకుతుంటే నీ దస్తూరీ ఉన్న కవరు ఒకటి దొరికింది. నాకు రాసిందే అనుకుని తీసి చదివాను. నా కొడుక్కి రాశావు. నాకు డిమెన్షియా అని, నాకు చెప్పొద్దని రాశావు. నేను లోపల పిరికివాణ్ణని రాశావు.

పోయిన ఏడాది మే నెల నుంచి మీ ఇద్దరికీ తెలుసు. నా ఎదురుగా కూర్చుని టీ తాగావు. ఒక్క ముక్క చెప్పలేదు. కనీసం తప్పయిందని ఒక్క మాటైనా ఇంతవరకు రాయలేదు.

నేను పిరికివాణ్ణని నీకెవరు చెప్పారు? జవాబు రాయి.


ఆగస్టు 19

అన్నయ్యా,

ఇది పద్ధతి కాదు.

జూలైలో తిట్టావు, పడ్డాను. క్షమించమని మొదటి వాక్యంలోనే రాశాను. ఆ పిల్లకి ఫోను చేయమన్నావు, చేశాను. నా మనవరాలి వయసు పిల్లని "తప్పయింది తల్లీ" అని బతిమాలుకున్నాను. సబ్‌స్టేషనువాడి వరసలో నిలబెట్టావు, ఆ మాటకి రెండు రోజులు అన్నం సహించలేదు. అయినా నోరెత్తలేదు. ఇప్పుడు ఏమీ ఎరగనట్టు మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టావు. అవే మాటలు, అదే టీ. "ఒక్క మాటైనా రాయలేదు" అని పైగా ఒక అబద్ధం. నన్ను ఏడిపించడం నీకు కాలక్షేపమైపోయిందా? మీ పదిన్నర బండిలో దీన్ని కూడా ఒక ఆటగా ఆడుతున్నారా?

తప్పు చేసినదానికి కూడా ఒక హద్దు వరకే పడే ఓపిక ఉంటుంది. నా హద్దు అయిపోయింది. ఇక నేను రాయను. నువ్వు రాసినా విప్పను.

చెల్లాయి


ఆగస్టు 22

అన్నయ్యా,

రాయనన్నాను, మూడు రోజులకే రాస్తున్నాను.

మేనల్లుడు పొద్దున్న ఫోను చేశాడు. ఈ నెల మొదట్లో నీకు పది రోజులు జ్వరమట, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరి ఆస్పత్రిలో పెట్టారట, ఆ తర్వాత మరుపు కాస్త ఎక్కువైందట. నాకెందుకు చెప్పలేదని వాడి మీద అరిచాను. "నువ్వు కంగారు పడతావని, అత్తా" అన్నాడు. వాడికి ఆ విద్య నేర్పింది నేనే.

నీ ఉత్తరాలు రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. నువ్వు నాటకమాడలేదు. నీకు ఆ కవరు ఆ రోజే మొదటిసారి దొరికింది.

పందొమ్మిదో తారీఖు నేను రాసింది అందితే చించెయ్. అంది ఉంటే చదవకు. చదివి ఉంటే నన్నేం అన్నా సరే, పడతాను.

చెల్లాయి


ఆగస్టు 30, శుక్రవారం

చెల్లాయికి,

నీ ఉత్తరాలు రెండూ ఒకే రోజు అందాయి. పందొమ్మిదో తారీఖుదే ముందు విప్పాను.

చదివి మొదట నీకు మతిపోయిందనుకున్నాను. ఎప్పుడు తిట్టాను, ఎప్పుడు క్షమించమన్నావు? మంగళవారం ఉత్తరాలన్నీ, నా డైరీతో సహా సంచీలో వేసుకుని బండికి తీసుకెళ్ళి, "ఇందులో అబద్ధం ఎవరిదో తేల్చండి" అన్నాను. ఆ పిల్ల బల్ల చూపించింది. కోర్టు గుమాస్తా తారీఖుల వరసన పేర్చాడు. నావి నీ దగ్గర ఉన్నాయి గానీ, జూలైలో రాసినదానికి చిత్తుప్రతి నా డైరీలో ఉంది. అది నా చేతికిచ్చి చదవమన్నాడు. నా రాతే. తిట్లు కూడా నావే, బాగా తిట్టాను. రాసిన గుర్తు మాత్రం లేదు. ఎంత లోపలికి వెళ్ళి వెతికినా లేదు. ఆ తర్వాత నీ జూలై ఉత్తరం చూశాను. క్షమించమని మొదటే ఉంది.

చాలా కోపం వచ్చింది. నీ మీద కాదు. ఎవరి మీదో చెబుదామంటే ఎదురుగా మనిషి లేడు. బల్ల మీద గట్టిగా ఒక్కటి చరిచాను, చెయ్యి వాచింది. ఎవరూ "ఊరుకోండి" అనలేదు. దర్జీ లేచి మంచినీళ్ళు తెచ్చాడు.

పందొమ్మిదో తారీఖు ఉత్తరం చించమన్నావు. చించను. అది నాకు చాలా నచ్చింది. ఈ ఏడాదిన్నరలో నువ్వు నాతో మనిషితో పోట్లాడినట్టు పోట్లాడింది దాంట్లోనే. ఇరవై రెండోది చింపుదామనుకున్నాను. అందులో మళ్ళీ జాలి మొదలైంది. "నన్నేం అన్నా సరే పడతాను" అంటావేమిటి? నేను అన్యాయంగా తిడితే తిరిగి తిట్టు. తారీఖు చూపించి మరీ తిట్టు.

జ్వరం సంగతి దాచినందుకు నీ మేనల్లుణ్ణి నేను కూడా కడిగేశాను. వాడు కళ్ళనీళ్ళు పెట్టుకుని ఆస్పత్రి కాగితాలన్నీ తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. ఇక నుంచి అవి నా దగ్గరే ఉంటాయి.

చివరగా ఒకటి. ఈ పేజీ నువ్వు దాచుకో, దీని నకలు నేను ఉంచుకుంటాను. ఇకమీదట డాక్టరు ఏ కొత్త సంగతి చెప్పినా నాకు తెలియాలి. వాడు చెప్పకపోతే నువ్వు రాయి. ఎంత చెడ్డదైనా రాయి. నేను మర్చిపోతాను. మళ్ళీ రాయి. నాకు మళ్ళీ కొత్తగా కోపం వస్తుంది, ఇదే మొదటిసారి విన్నట్టు నిన్ను తిడతాను. అయినా మళ్ళీ రాయి.

నీ అన్నయ్య